పిన్ని భుజం మీద చెయ్యి

మా ఇంట్లో నన్ను అతుకులమ్మ అంటారు. ఫోటోలోంచి మనుషుల్ని కత్తిరించి ఇంకో చోట నిలబెట్టడం నా ఉద్యోగం. పుట్టినరోజులకీ సన్మానాలకీ తెర మీద ఒకదాని తర్వాత ఒకటిగా ఫోటోలు వేస్తారే, వాటిలో మంచుకొండల ముందు నవ్వుతున్న పెద్దమనిషి నిజానికి తన వంటింటి తలుపు ముందు నవ్వి ఉంటాడు. తలుపు పీకేసి కొండ పెట్టేది నేను. బట్టతల వాళ్ళంటే నాకు అపారమైన గౌరవం. వెంట్రుక వెంట్రుకా విడదీసే చాకిరీ తప్పిస్తారు.

అమ్మమ్మకి డెబ్భై అయిదు నిండుతున్నాయని ఇంటి స్లైడ్‌షో నా నెత్తిన పడింది. యాభై తొమ్మిది ఫోటోలు ఏరి నా చేతిలో పెట్టి, ఆ తర్వాత అమ్మమ్మ నెమ్మదిగా అసలు సంగతి బయటపెట్టింది.

"మీ అమ్మా పిన్నీ పక్కపక్కన ఉన్న ఫోటో ఇంకొకటి కావాలే."

"బోలెడున్నాయిగా అమ్మమ్మా, రెండు జడలవి."

"ఆ జడలు వేసింది నేనే, నాకు తెలీదా? ఇప్పటిది కావాలి. జుట్టు నెరిశాక ఇద్దరూ ఒకచోట ఎలా ఉంటారో చూసి పోతాను."

చూసి పోతాను అన్నాక ఇంక ఎవరికైనా నోరు పెగులుతుందా? సరేనన్నాను.

అమ్మకీ పిన్నికీ మాటల్లేక పదకొండేళ్ళు. అమ్మ దర్జీ. పిన్ని తన కూతురు స్టేజీ మీద పాడే రోజుకి గౌను బయట కుట్టించింది. అంతే. ఆస్తి తగాదా అయినా బాగుండేది, నలుగురికీ చెప్పుకోవడానికి కాస్త పరువుగా ఉండేది. అప్పట్నుంచీ అమ్మమ్మ దగ్గరికి ఒకరొస్తే ఇంకొకరు రారు. తప్పనిసరై ఇద్దరూ వస్తే గదికి ఈ మూల ఒకరు, ఆ మూల ఒకరు, మధ్యలో కబుర్లు మొయ్యడానికి నేను. "మీ పిన్నితో చెప్పు, ఫ్యాను తగ్గించమని." "మీ అమ్మతో చెప్పు, నాకు ఉక్కగా ఉందని." ఇద్దరికీ మధ్య దూరం చూస్తే నాలుగడుగులు.

వాళ్ళని కలపడానికి నాకు వారం పట్టింది. అమ్మ ఫోటో పొద్దుటి ఎండలో తీసింది, పిన్నిది ట్యూబులైటు కింద. ఒకరు పసుపుగా, ఒకరు నీలంగా ఉన్నారు. రంగులు సరిచేసి, అంచులు మెత్తబరిచి, వెనక సముద్రం పెట్టి, నీడలు రెండూ ఒకే వైపు పడేలా వేశాను. అయినా రైలు కోసం నిలబడ్డ ముక్కూమొహం తెలియని వాళ్ళలా ఉన్నారు. అమ్మ చెయ్యి పిన్ని భుజం మీదుంటే గానీ లాభం లేదనిపించింది. తీరా వెతికితే ఏ ఫోటోలోనూ అమ్మ చెయ్యి ఖాళీగా లేదు. కత్తెరో, టేపో, ఏదో ఒక గుడ్డముక్కో ఉంటుంది. చివరికి నా చేతినే కుర్చీ వీపు మీద వేసి ఫోటో తీసి, మణికట్టు దాకా కత్తిరించి, కాస్త వయసు కలిపి పిన్ని భుజానికి అతికించాను. రంగు కుదిరింది, నీడ కుదిరింది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

పుట్టినరోజు మధ్యాహ్నం కిటికీలకి దుప్పట్లు కట్టి గది చీకటి చేశాం. అమ్మ ఈ మూల, పిన్ని ఆ మూల. యాభై తొమ్మిది ఫోటోలు నవ్వుల్లో గడిచిపోయాయి. అరవయ్యోదానికి సముద్రం వచ్చింది. అమ్మమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని ముందుకి వంగింది. ఇద్దరిలో ఏ ఒక్కరు విసురుగా లేచి వెళ్ళిపోయినా ఆవిడ పుట్టినరోజు ఏడుపుతో ముగుస్తుంది, ఆ పుణ్యం నాదే అవుతుంది.

పిన్ని లేచింది. అయిపోయాం అనుకున్నాను. అయితే తలుపు వైపు వెళ్ళలేదు, తిన్నగా తెర దగ్గరికి నడిచి భుజం మీద వేలు పెట్టింది.

"ఈ చెయ్యెవరిదే?"

"అమ్మదే పిన్నీ."

"ఎవరికి చెబుతున్నావ్? మా అక్క చెయ్యి నాకు తెలీదా? కత్తెర పట్టీ పట్టీ బొటనవేలు బయటికి వంగిపోయి ఉంటుంది. చూపుడువేలి నిండా సూది గాట్లు. ఇదేదో జన్మలో గిన్నె తోమని చెయ్యి!"

నా చెయ్యి గబుక్కున వెనక్కి దాచుకున్నాను. వారంపాటు ఆ బొమ్మని పెద్దది చేసీ చేసీ చూశాను, కన్నతల్లి బొటనవేలు ఎలా ఉంటుందో ఒక్కసారీ గుర్తు రాలేదు. సిగ్గేసింది.

"మీ పిన్నితో చెప్పు..." అని ఈ మూల నుంచి అమ్మ అలవాటుగా మొదలుపెట్టి, అంతలోనే నన్ను దాటేసింది. "అంత తెలిసినదానివి, గౌను బయటెందుకిచ్చావే?"

"నీకప్పుడు నూటమూడు జ్వరం! లేపి మిషను ముందు కూర్చోబెట్టమంటావా?"

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెప్పనిచ్చావా? జ్వరం తగ్గాక చెబుదామని వస్తే తలుపు మొహం మీద వేశావు!"

"వేస్తే? తలుపు కొట్టలేవూ?"

"అరగంట కొట్టాను! మిషను చప్పుడులో నీకెక్కడ వినబడుతుంది?"

అమ్మ కూడా తెర దగ్గరికి వచ్చేసింది. పిన్ని కొంగు మీద సగం సముద్రం, అమ్మ మొహం మీద సగం. మాటకి మాట పెరుగుతోంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. బొమ్మ మార్చేసి ఏదైనా పాట పెడదామని కీబోర్డు మీద చెయ్యి వేశాను. అమ్మమ్మ నా మణికట్టు పట్టేసింది.

"ఉండు అమ్మమ్మా, ఆపేస్తాను. నీ పుట్టినరోజు పూట ఈ గోలేమిటి?"

"ముట్టుకున్నావంటే వీపు చీరేస్తాను," అంది. ఆవిడ చూపు తెర మీది బొమ్మ మీద లేదు, దాని ముందు నిలబడ్డ కూతుళ్ళ మీదుంది. "పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో ఎప్పుడూ ఒకళ్ళ గొంతే వింటున్నాను. నా పిల్లల్ని కాసేపు పోట్లాడుకోనీవే."