వాన తాగిన మంచు

మా వదిన పేరు సెవిల్. కొండల అవతల ఉన్న అర్దబీల్ పిల్ల. అక్కడ సగం ఏడాది మంచే. మా గీలాన్‌లో మాకు తెలిసింది వాన. తడి గోడలు, రబ్బరు బూట్లు, ఎన్ని రోజులు ఆరేసినా చెమ్మ వదలని బట్టలు. మంచు ఎప్పుడో ఒకసారి చుట్టంలా వచ్చి, మధ్యాహ్నం భోజనాల వేళకు కరిగిపోయేది.

ఆ ఏడు అది చలికాలం చివర్లో వచ్చింది. నారింజలు ఇంకా చెట్ల మీదే ఉన్నాయి. మా ఇల్లు లాహిజాన్ పక్కన తేయాకు కొండ కింద ఉంది. ఇంట్లో ఉన్నది అమ్మ, నేను, వదిన, వదిన చిన్న కూతురు పరస్తూ. అన్నయ్య కియోమర్స్ రష్త్ పట్నంలో రొట్టెల బట్టీలో పని చేసేవాడు. వారమంతా అక్కడే ఉండి, శుక్రవారం సెలవుకు ఇంటికి వచ్చేవాడు.

మొదటి రోజంతా నవ్వులే. పరస్తూ గిన్నె నిండా మంచు తెచ్చింది. దాని మీద ద్రాక్షపాకం పోసుకుని తిన్నాం. చక్కెర జబ్బు ఉందని తీపి మానేసిన అమ్మ కూడా మూడుసార్లు చెంచా ముంచింది.

"దీన్నా మీరు మంచు అంటారు? మా ఊళ్ళో ఇంత పడితే కోళ్ళగూటి తలుపు కూడా వెయ్యరు," అంది వదిన.

"మీ ఊరి కోళ్ళు కూడా నీలాగే మొండివేమోలే," అంది అమ్మ.

సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు. బయల్దేరి రానా అని అడిగాడు. వదిన నవ్వుతూ, "ఈ జారుడులో ఎక్కడొస్తావు? అక్కడే ఉండు. నేను మంచులో పుట్టినదాన్నయ్యా, ఏం కాదు," అంది. అన్నయ్య ఉండిపోయాడు. ఆ తర్వాత ఫోన్ మూగబోయింది.

మర్నాడు కూడా మంచు ఆగలేదు. కరెంటు పోయింది. పొద్దున్నే తోటలో ఏదో ఫటేలుమంది. ఎవరో తుపాకీ పేల్చారనుకుని అమ్మ పరస్తూను దగ్గరికి లాక్కుంది. అది నారింజ కొమ్మ. కాయలతో సహా విరిగి పడింది. కాసేపటికి ఇంకోటి, తర్వాత కొండ మీద ఎక్కడో ఇంకోటి. వెదురు పొద మొత్తం వంగి తలలు నేలకానించింది. పట్టపగలు ఒక నక్క వాకిట్లోకి వచ్చి, మమ్మల్ని చూసి కూడా పారిపోకుండా మెట్ల కింద పడుకుంది.

అమ్మ అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కుంది.

"నా చిన్నప్పుడు ఒకసారి ఇలాగే పడింది. మా మేనత్త ఇంటి మీద పడింది," అంది.

"తర్వాతేమైంది అత్తయ్యా?" అని వదిన అడిగింది.

"తర్వాత ఆ ఇంటి మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు."

వదిన లేచి నిచ్చెన వేసుకుంది. వాళ్ళ ఊళ్ళో మిద్దెల మీద మంచును రోజూ పొద్దున్నే చీపురుతో ఊడ్చేస్తారట. మాది రేకుల కప్పు. వెనక గదులను అన్నయ్య తన చేతులతోనే కట్టుకున్నాడు. వాన జారడానికి ఎంత వాలు కావాలో అంతే పెట్టాడు. వదిన పైకెక్కి చెక్కతో తోసింది. మంచు కదల్లేదు. కొట్టి చూసింది. తడిపిన సున్నంలా చెక్కకు అతుక్కుపోయింది. నిచ్చెన ఒక పక్కకు జారింది.

"దిగు. ముందు దిగు నువ్వు," అని కింద నుంచి అరిచింది అమ్మ.

వదిన దిగింది. చేతులు తుడుచుకుంటూ, "మా మంచు పిండిలా ఉంటుంది. ఇది వేరేగా ఉంది," అంది. "మంచు ఆగనివ్వండి, అప్పుడు చూద్దాం." ఆ తర్వాత తను వాళ్ళ ఊరి మాట ఎత్తలేదు. ఆ రోజంతా మాటిమాటికీ తలెత్తి కప్పు వైపు చూస్తూనే ఉంది.

ఆ మర్నాడు తెల్లవారాక వాన చప్పుడు వినిపించింది. మాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన చప్పుడు. అమ్మ మొహం విచ్చుకుంది.

"వచ్చింది. మన వాన వచ్చింది. ఇక దీని పని అయిపోయింది," అంటూ టీ కాచే సమోవార్ వెలిగించింది. వదిన కూడా గట్టిగా ఊపిరి వదిలి పరస్తూకు జడ వేయడానికి కూర్చుంది. ఇంట్లో మళ్ళీ టీ వాసన వచ్చింది.

నేను బిందె పట్టుకుని వసారా చివరికి వెళ్ళాను. చూరు కింద పెడితే చిటికెలో నిండాలి. పెట్టి నిలబడ్డాను. ఎదురుగా వాన ధారగా పడుతోంది. చూరు నుంచి చుక్క రావడం లేదు. కాసేపు ఏమీ అర్థం కాలేదు. తర్వాత తలెత్తి కప్పు వైపు చూశాను. పడిన వాననంతా పైనున్న మంచు తాగి బరువెక్కుతోంది.

"వదినా, నీళ్ళు కిందికి రావడం లేదు," అన్నాను లోపలికి వచ్చి తలుపు వేస్తూ.

వదిన జడ వదిలేసి లేచింది. వాకిలి తలుపు లాగింది. ఇప్పుడే నేను లోపలికి వచ్చిన తలుపు అది. రాలేదు. ఇద్దరం కలిసి లాగాం. పై చట్రం తలుపును అదిమి పట్టింది. అప్పుడు గోడలో చిన్నగా కిర్రుమని వినిపించింది. నిద్రలో ఎవరో పళ్ళు కొరికినట్టుంది.

అదే సమయంలో తోట వైపు కిటికీ దగ్గర అమ్మను పిలుస్తున్న మగ గొంతు వినిపించింది. "వదినా, బయటికి రండి. ఇల్లు వంగింది."

అది హైబత్ బాబాయ్. మా నాన్న తమ్ముడు. నారింజ తోట అవతలే ఆయన ఇల్లు. నాన్న పోయాక తన వాటా వరి మడిని టెహ్రాన్ వాళ్ళెవరికో బంగళా కట్టుకోమని అమ్మేశాడు. అప్పటి నుంచి అమ్మ ఆయనతో మాట్లాడలేదు. మమ్మల్నీ మాట్లాడనివ్వలేదు. ఆ రోజు తొడల దాకా మంచులో దిగబడి, తడిసి ముద్దై కిటికీ బయట నిలబడ్డాడు.

అమ్మ ఆయన వైపు చూడకుండానే, "మా ఇంటి సంగతి తనకెందుకట? దీన్ని కూడా ఎవరికైనా అమ్మేశాడా?" అంది.

"తిట్టు వదినా. బయటికొచ్చి తిట్టు," అన్నాడు బాబాయ్.

వదిన ఇంకేమీ ఆలోచించలేదు. కిటికీ తెరిచి పరస్తూను ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది. నన్ను తోసింది. తనూ దూకింది. అమ్మ మాత్రం సమోవార్ పక్కనే కూర్చుని ఉంది. పంతమో, భయంతో కాళ్ళు రాకో నాకు ఇప్పటికీ తెలియదు. వదిన వెనక్కి తిరిగి మళ్ళీ కిటికీ ఎక్కి లోపలికి వెళ్ళిపోయింది.

"సెవిల్, వద్దు," అన్నాడు బాబాయ్.

లోపల వదిన గొంతు మామూలుగానే ఉంది. "మీరు వస్తే వస్తాను అత్తయ్యా. లేకపోతే ఇద్దరం ఇక్కడే టీ తాగుదాం."

"నీకు పిల్లుంది, పో," అంది అమ్మ.

"బయట ఎదురుచూస్తోంది. మీకోసమే ఆగాను."

అమ్మ లేచింది. బాబాయ్ ఆమె చంకల కింద చేతులు వేసి లాగాడు, వదిన లోపలి నుంచి తోసింది. వదిన కాలు కిటికీ దాటి తోటలో పడ్డాక మేం నారింజ చెట్ల దాకా వెళ్ళామో లేదో, ఇల్లు పడిపోయింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. అలసిపోయిన ముసలి గేదె మోకాళ్ళ మీద కూలినట్టు వెనక గదులు కూర్చున్నాయి. వాటితో పాటు ముందు భాగం కూడా కూలింది. సమోవార్ ఉన్న చోట నుంచి ఆవిరి సన్నగా పైకి లేచింది.

"టీ పోసి పెట్టాను," అంది అమ్మ.

బాబాయ్‌ది పాతకాలపు ఇల్లు. కప్పు వరిగడ్డిది, చాలా నిటారు. మంచు దాని మీద నిలవకుండా జారి గోడల పక్కన కుప్ప పడింది. అమ్మ గుమ్మంలోనే ఆగింది.

"లోపలికి రా వదినా," అన్నాడు బాబాయ్.

"ఇక్కడ బాగానే ఉంది."

"ఆ చాప నాది కాదు, మా అన్నయ్యది. దాని మీద కూర్చో."

అమ్మ లోపలికొచ్చి చాప మీద గోడ వైపు తిరిగి కూర్చుంది.

మధ్యాహ్నానికి వాన మళ్ళీ మంచుగా మారింది. తోటలో మా అడుగుల జాడలు పూడిపోయాయి. దారి, కంచె, మా ఇల్లు ఉన్న చోటు, అన్నీ ఒకే తెలుపులో కలిసిపోయాయి. ఎవరూ రాలేదు. మనిషి గొంతు గానీ బండి చప్పుడు గానీ లేదు. కొండ మీద కొమ్మలు మాత్రం విరుగుతూనే ఉన్నాయి. కిరసనాయిలు పొయ్యి చుట్టూ కూర్చుని బాబాయ్ వండిన వెల్లుల్లి వంకాయ కూర తిన్నాం. "ఉప్పెక్కువైంది," అంది అమ్మ గోడతో. "పక్కన ఆడదిక్కు లేకపోతే అంతే," అన్నాడు బాబాయ్ పొయ్యితో.

మరుసటి రోజు మధ్యాహ్నం మంచు ఆగింది. కోళ్ళేమైనా బతికాయేమో చూడాలని నేను తోటలోకి వచ్చాను. మా ఇంటి వైపు నుంచి గీకుతున్న చప్పుడు వినిపించింది. ఆగడం, మళ్ళీ గీకడం. నక్కలేమో అనుకున్నాను. ఆ వెనకే ఒక బరువైన ఊపిరి వినిపించింది. అది జంతువుది కాదు. వెనక్కి పరుగెత్తి బాబాయ్‌ని పిలిచాను. ఆయన కొడవలి తీసుకుని వచ్చాడు. ఖాళీ ఇళ్ళను దోచుకునే వాళ్ళేమో అనుకున్నాం.

కూలిన రేకుల మధ్య ఒక మనిషి మాకు వీపు పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వట్టి చేతులతో తవ్వుతున్నాడు. పక్కన మంచు మీద మా వస్తువులు వరసగా పరిచి ఉన్నాయి. అమ్మ బొంత. నా దిండు. వదిన శాలువా. పరస్తూ ఎర్ర కోటు. చేతులు రెండూ పక్కలకు సర్ది, బొత్తాలు పెట్టి మరీ పడుకోబెట్టాడు ఆ కోటును.

అన్నయ్య. రష్త్‌లో బట్టీ దగ్గర రేడియోలో కప్పులు కూలుతున్నాయని విని, దొరికిన బండెక్కి, బండి ఆగిన చోట దిగి నడిచి వచ్చాడట. మేం బాబాయ్ ఇంట్లో ఉంటామని అతనికి తట్టనే లేదు. ఎలా తడుతుంది? ఆ గుమ్మం మేం తొక్కమని అతనికి తెలుసు.

"అన్నయ్యా," అని పిలిచాను.

తిరగలేదు. ఇంకా వేగంగా తవ్వాడు.

"అన్నయ్యా, నేను."

"వినిపిస్తోంది," అన్నాడు కింద మంచుతో. "వినిపిస్తోందమ్మా. ఆగు, తీస్తున్నా. మాట్లాడుతూనే ఉండు."

బాబాయ్ కొడవలి పడేసి వెళ్ళి వెనక నుంచి గట్టిగా పట్టుకున్నాడు. అన్నయ్య విదిలించుకున్నాడు, మోచేత్తో ఆయన మొహం మీద కొట్టాడు. ముక్కులోంచి రక్తం కారుతున్నా బాబాయ్ వదల్లేదు. "అందరూ నా ఇంట్లో ఉన్నార్రా. నా ఇంట్లో ఉన్నారు," అని అదే మాట చెవిలో చెబుతూ ఉన్నాడు.

అంతలో వదిన పరస్తూను చంకనేసుకుని తోటలోంచి పరుగెత్తుకొచ్చింది. అన్నయ్య ఆమెను చూశాడు. దగ్గరికి రాలేదు. అతని వేలి చివరలు తెల్లగా మైనంలా ఉన్నాయి.

"ఏం కాదన్నావు," అన్నాడు.

ఆ తర్వాత చాలా రోజులు అతను వదినతో మాట్లాడలేదు. దారులు తెరిచాక డాక్టరు కుడిచేతి రెండు వేళ్ళ చివరలు తీసేశాడు. బాబాయ్ ఇంట్లోనే అందరం సర్దుకున్నాం. పరస్తూ నిద్రపోతుంటే అన్నయ్య పక్కన కూర్చుని ముక్కు కింద అరచెయ్యి పెట్టి ఊపిరి చూసేవాడు. వదిన అన్నం పెడితే తినేవాడు, అంతే. ఒకరోజు వదిన కట్టు మార్చబోతే చెయ్యి వెనక్కి లాక్కుని మళ్ళీ ఆ మాటే అన్నాడు. "నువ్వే కదా ఏం కాదన్నావు."

బీన్స్ ఒలుస్తున్న అమ్మ పళ్ళెం పక్కన పెట్టింది. పెళ్ళై వచ్చినప్పటి నుంచి వదినను కొండల అవతలి పిల్ల అనే తప్ప పేరు పెట్టి పిలవని మనిషి.

"సెవిల్‌నే ఎందుకంటావురా? వాన పడగానే సంతోషపడి సమోవార్ వెలిగించింది నేను. మీ బాబాయ్ పిలుస్తుంటే మంచులో నిలబెట్టి తిట్టింది నేను. కప్పు నెత్తిమీదికి వస్తుంటే నాకోసం వెనక్కి దూకింది అది. అనాలనుంటే నన్ను అను. కాదా, ఆ కప్పు కట్టినోణ్ణి అను."

అన్నయ్య లేచి బయటికి వెళ్ళిపోయాడు. వదిన ఏడవలేదు. అయితే ఆ రోజు నుంచి తను ఏ సంగతీ గట్టిగా చెప్పడం మానేసింది. రేపు ఎండ కాస్తుందా అని పరస్తూ అడిగినా, "నాకు తెలీదు తల్లీ," అనేది.

తేయాకు చిగుళ్ళు కోసే రోజుల్లో వడ్రంగి వచ్చి కొత్త ఇంటికి దూలాలు ఎత్తాడు. కప్పుకు వాలు ఎంత పెట్టాలని అడిగాడు. అన్నయ్య చాలాసేపు పైకి చూసి, మట్టి తట్ట మోస్తున్న వదిన వైపు తిరిగాడు.

"నీకేమనిపిస్తోంది?"

"నన్నడక్కు," అని తట్ట అక్కడే దించి వదిన బాబాయ్ ఇంట్లోకి వెళ్ళిపోయింది. అన్నయ్య ఆమె వెనకే వెళ్ళాడు. తలుపు మూసుకుంది. వడ్రంగి నిచ్చెన మీద కూర్చుని సిగరెట్ వెలిగించాడు, అది ఆరిపోయాక ఇంకోటి వెలిగించాడు. లోపల ముందు వదిన గొంతు పెద్దగా వినిపించింది, తర్వాత ఏడుపు, ఆ తర్వాత ఇద్దరి మాటలూ తగ్గు గొంతులో. నేను వినాలని ప్రయత్నించలేదు.

అన్నయ్య ఒక్కడే బయటికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మంచి చేత్తో గాలిలో వాలు గీసి చూపించాడు.

"అంత నిటారా? ఇల్లు కట్టమన్నారా, మసీదు మినారా?" అన్నాడు వడ్రంగి.

"అంతే పెట్టు. ఆవిడ చెప్పింది," అని అన్నయ్య వదిన దించిన తట్ట ఎత్తుకున్నాడు.