ఐసోకెన్ కుడికాలు

కొత్త సంవత్సరం రోజు పొద్దున ఐసోకెన్ మూడో అంతస్తు మెట్ల మీద కూర్చుని, తనకంటే ముందు ఎవరైనా ఆ ఇంట్లోకి వెళ్ళకపోతారా అని ఎదురుచూస్తోంది. ఒళ్ళో తీపి ముక్కల పళ్ళెం, దాని మీద గుడ్డ. ఎదురుగా ఉన్న తలుపు ఎవాంథియా ముసలమ్మది. కింద ఐసోకెన్ బట్టలు కుట్టే దుకాణం గది కూడా ఆవిడదే. తొమ్మిదింటికల్లా రా, మాట్లాడాలి అని నిన్న కబురంపింది.

దేని గురించో ఐసోకెన్‌కి వేరే చెప్పక్కర్లేదు. డిసెంబరుతో గది అగ్రిమెంటు అయిపోయింది.

అంతకుముందే ఇంకో తద్దినం ఉంది. కొత్త సంవత్సరం నాడు గడప ముందుగా దాటినవాళ్ళ పాదం మంచిదైతే ఏడాదంతా మంచే జరుగుతుందని ఏథెన్సులో అందరికీ నమ్మకం. మంచి కాలున్నవాళ్ళని ఏరికోరి పిలుచుకుంటారు. ఐసోకెన్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసీ కిందటేడు, చల్లారితే బాగుండదన్న తొందరలో, తీపి పట్టుకుని అందరికంటే ముందు వెళ్ళి కూర్చుంది. ఫిబ్రవరిలో ముసలమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇంకేం, అపార్టుమెంటు మొత్తానిది ఒకటే మాట: నల్లకాలు పడింది. ఇరవై రెండేళ్ళుగా కిప్సేలి పేటలోనే ఉంటూ, ఆ వీధిలో సగంమంది పెళ్ళిబట్టలు సరిచేసిన మనిషి కాలు రాత్రికి రాత్రి నల్లబడింది. నైజీరియా నుంచి దిగిన రోజున తెల్లగా ఉండేదేమో మరి.

అపార్టుమెంటు పెత్తనమంతా భుజాన వేసుకున్న స్ట్రాటిస్ ఆ మాటతో ఆగలేదు, కాగితం పట్టుకుని సంతకాలు కూడా పోగుచేశాడు. దుకాణం ముందు ‘ఆ జనం’ గుమిగూడుతున్నారట. ఆ జనం అంటే ఆదివారం చర్చికి వేసుకునే గౌన్లు తీసుకెళ్ళడానికి వచ్చే ఆడవాళ్ళు. ఈ గది పోతే ఇంకోటి దొరకడం కల్ల. ఫోనులో గది ఖాళీ అంటారు, మొహం చూశాక నిన్ననే ఇచ్చేశామంటారు. ఐసోకెన్‌కి ఆ ముచ్చట చాలాసార్లు జరిగింది.

అందుకే ఈసారి ఆ మొదటి కాలు తనది కాకూడదనుకుంది.

తొమ్మిదింబావుకి స్ట్రాటిస్ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో స్వీట్ల పెట్టె, జేబులో కాగితం. అతన్ని చూసి ఐసోకెన్ సంతోషించడం బహుశా అదే మొదటిసారి. పక్కకి జరిగి దారిచ్చింది. అతను బెల్లు కొట్టాడు.

తలుపు తెరుచుకోలేదు. ఎవరని లోపల్నించి ముసలమ్మ అడిగింది. పేరు చెప్పాడు.

“ఇంకా ఎవరూ రాలేదు, తర్వాత రా.”

“అయితే నేనే మొదటివాణ్ణి కదండీ.”

“అందుకే తర్వాత రమ్మంటున్నా. ఐసోకెన్ ఉందా అక్కడ? తొమ్మిదింటికి రమ్మంటే ఎక్కడ చచ్చింది?”

ఐసోకెన్ లేచి తలుపు దాకా వెళ్ళింది గానీ బయటే ఆగింది. “ఆయన్నే రానివ్వండమ్మగారూ. ఆ నింద నేను మళ్ళీ మొయ్యలేను.”

అప్పుడు తెరుచుకుంది తలుపు. చేతికర్రతో ఎవాంథియా, వెనకాల అచ్చం అదే ముక్కుతో ఆవిడ చెల్లెలు మరూసో. తండ్రి వదిలిపోయిన ఆలివ్ తోట దగ్గర పేచీ వచ్చి, పద్నాలుగేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోని అక్కచెల్లెళ్ళు. అక్కకి తుంటి విరిగి ఆసుపత్రిలో దిక్కులేకుండా పడుందని తెలిసి మరూసో ఊరి నుంచి వచ్చింది. వచ్చింది మళ్ళీ వెళ్ళలేదు.

“విరగకపోతే ఇది నా గడప తొక్కేదా?” అంది ఎవాంథియా కర్రతో చెల్లెల్ని చూపిస్తూ. “నీ కాలు పడ్డ ఏడే ఇది ఇంటికొచ్చింది. ఎముకదేముంది పిల్లా, అతుక్కుంది. రా లోపలికి.”

ఆ మాట అలా వదిలెయ్యడం ఐసోకెన్‌కి ఇష్టం లేకపోయింది.

“విరగ్గొట్టిందీ నేను కాదు, అతికించిందీ నేను కాదమ్మగారూ. నేను తెచ్చింది పళ్ళెం తీపి. అదీ కాస్త మాడింది.”

“నిజమే, మాడింది. ఇక్కడెవరికీ ఆ మాట అనే ధైర్యం లేదు,” అని ముసలమ్మ, తలుపు పక్క బల్ల మీదున్న అగ్రిమెంటు తీసి ఆమె చేతిలో పెట్టింది. సంతకం నిన్ననే చేసేసింది. తను బతికున్నన్నాళ్ళూ ఆ గదిని ఇంకో మనిషికి ఇవ్వనంది. ఆ తర్వాత స్ట్రాటిస్‌ని, నీ కాగితమేదో ఇలా ఇవ్వు, ఎవరెవరి పేర్లున్నాయో చదువుతాను అంది. అతను ఇంట్లో మర్చిపోయానన్నాడు. జేబులోంచి దాని కొస కనిపిస్తూనే ఉంది.

ఐసోకెన్ కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళి, పళ్ళెం దించి, కుర్చీలో కూలబడి భోరుమని ఏడ్చింది. పది నెలల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. మరూసో కాఫీ పెట్టింది.

వెళ్ళేముందు ఐసోకెన్ ఒక్కటే అడిగింది. రేపు దుకాణం తెరుస్తాను, మొదటి అడుగు మీది కావాలి అని.

“ఈ కుంటికాలా?”

“ఏది బాగా నడిస్తే అది పెట్టండి.”

మర్నాడు ఎవాంథియా చెల్లెలి చెయ్యి పట్టుకుని, వీధంతా చూస్తుండగా, కుట్టు ఏమాత్రం ఊడని లంగా ఒకటి తెచ్చి బోణీ చేసింది. అంచు మడవమంది. ఎంత మడవాలంటే, నీ ఇష్టం అంది.

అరగంటకి స్ట్రాటిస్ భార్య మొగుడి పంట్లాము చంకన పెట్టుకుని వచ్చింది. గడప దగ్గర ఆగి, తన కాళ్ళకేసి చూసుకుంది.

ఐసోకెన్ మిషను మీంచి తలెత్తకుండానే, “ఏ కాలైనా ఫరవాలేదు, రండి,” అంది.