పిన్ని చెప్పిన స్పీడు

కుక్కర్‌కి ఎన్ని విజిల్స్ వచ్చాయో ఈ మధ్య మొగుడి వేళ్లు చూసి తెలుసుకుంటోంది పిన్ని. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఒకటి, రెండు అని చూపిస్తాడు. మూడో వేలు లేవగానే ఆమె స్టవ్ కట్టేస్తుంది. రెండేళ్లుగా ఇదే తంతు. దీని గురించి ఇద్దరూ ఒక్క మాటైనా అనుకోలేదు.

నవ్వొచ్చే సంగతేమిటంటే, టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆమెను అందరూ చెవుల పిన్ని అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. డయలప్ రోజుల్లో ఇంటర్నెట్ కలవాలంటే ఇంట్లో మోడెం ఫోన్ లైన్ మీద కూత పెట్టాలి, ఎక్స్చేంజిలోని మోడెం దానికి బదులు పలకాలి, రెండూ కాసేపు బరబరమని బేరమాడుకుని ఏదో ఒక స్పీడుకు ఒప్పుకోవాలి. నెట్ రావట్లేదని ఎవరైనా ఫోన్ చేస్తే పిన్ని హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ బేరం వినేది. మీ గోడలో వైరు తడిసిందండీ అని, అటక మీద ఎలుక కొరికిందండీ అని కూర్చున్నచోటి నుంచే చెప్పేది. స్పీడు సెకనుకు ఎన్ని బిట్లో అంకెతో సహా చెప్పేది. లైన్‌మన్ వెళ్లి చూస్తే అక్షరాలా అదే. ఊళ్లో ఆమె ముఖం ఎరిగినవాళ్లు తక్కువే గానీ, ఆమె కుడిచెవి ఎరగని ఇల్లు లేదు.

తర్వాత ఫైబర్ వచ్చింది. గాజుపోగులో వెలుగు పరుగెత్తుతుంది, కిమ్మనదు. ఎక్కడైనా తెగితే తెర మీద ఎర్రచుక్క పడుతుంది, చూడ్డానికి కళ్లుంటే చాలు. తన చెవులు సన్నటి శబ్దాలను ఒక్కొక్కటిగా పోగొట్టుకుంటున్న సంగతిని పిన్ని ఆ ఎర్రచుక్కల చాటున దాచేసింది. పైకి గుంభనంగా ఉన్నా లోపల బితుకుబితుకుమంటూనే ఉండేది. ఇక దాచడం కుదరదు. వచ్చే నెల నుంచి ఆమెను ఫిర్యాదుల ఫోన్ దగ్గర కూర్చోబెడతారు.

ఆ రోజు ఎక్స్చేంజిలో మిగిలిన ఒకే ఒక్క మోడెంని ఆపేస్తున్నారు. మధ్యాహ్నం ఇంజనీరు అందర్నీ దాని చుట్టూ పోగేశాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిన్ని పక్కన స్టూలు వేసుకుని పని నేర్చుకున్నవాడే అతను. ఒక ఫొటో తెర మీదికి రావడానికి ఇందులో నాలుగు నిమిషాలు పట్టేదని, ముందు జుట్టు, తర్వాత నుదురు, ఆఖరికి నవ్వు వచ్చేవని, ఆ నాలుగు నిమిషాల్లో ఇప్పటి ఫైబర్ అలాంటి ఫొటోలు ముప్పై వేల దాకా తెచ్చి పోస్తుందని చెప్పాడు. కొత్తగా చేరిన అమ్మాయి నోరు తెరిచి, ఆ నాలుగు నిమిషాలూ ఏం చేసేవారని పిన్నిని అడిగింది.

"వచ్చేది ఎవరి ముఖమో అనుకుంటూ కూర్చునేవాళ్లం" అంది పిన్ని.

ఇంకేముంది, చివరిసారిగా పిన్ని విని స్పీడు చెప్పాల్సిందేనని పట్టుబట్టారు. గొంతు బాగాలేదంది. వినడానికి గొంతెందుకని నవ్వారు. చేసేదిలేక కొక్కేనికున్న హెడ్‌ఫోన్ అందుకుంది. దాని కుడివైపు దిండు స్పాంజి చిరిగితే మొగుడి పాత నీలిగళ్ల చొక్కా గుడ్డతో తనే కుట్టుకుంది. ఇంజనీరు వెనకగది లైను నుంచి డయల్ చేశాడు. మొదట్లో ఏదో గుయ్యిమంది. ఆ తర్వాత అంతా దూది. కొత్తమ్మాయి ముఖం చిట్లిస్తే కూత మొదలైందనుకుంది, పచ్చదీపం నిలకడగా వెలిగితే బేరం కుదిరిందనుకుంది.

"ముప్పై మూడు వేల ఆరు వందలు" అంది, మంచి లైన్లకు మామూలుగా వచ్చే అంకె.

తెర ఇంజనీరు వైపే ఉంది. అతను తెరను చూశాడు, ఆమెను చూశాడు.

"అంతే పిన్నీ. అక్షరాలా."

చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆమెకు వినిపించాయి. అప్పుడు గుర్తొచ్చింది, అది వెనకగది లైను. మెట్ల కింద దానికో పాత అతుకుంది. ఆ అతుకును కనిపెట్టింది తనే, ఇతనికి చూపించిందీ తనే.

అందరూ వెళ్లేదాకా ఆగింది.

"ఆ లైను పుట్టి బుద్ధెరిగాక ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందలు దాటలేదు నాయనా."

అతను తలొంచుకున్నాడు. వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తి, పెదాలు ఆమెకు కనిపించేలా నిలబడ్డాడు.

"నాకు ఏడాది నుంచీ తెలుసు పిన్నీ."

ఏడాదిగా అతను ఒక్కసారైనా తనను వెనకనుంచి పిలవలేదు. ఎంత పనిలో ఉన్నా టేబుల్ చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి మాట్లాడేవాడు. పెద్దదాన్నని మర్యాద అనుకుంది. పిన్నికి కళ్లు నిండాయి.

ఫోన్ పని లేకుండా చూస్తానని, తెర దగ్గరే ఉండిపొమ్మని అతను బతిమాలాడు.

"వద్దు. నాకోసం నువ్వెన్నని ఆడతావు అబద్ధాలు?" అని, మూడు వారాలుగా సొరుగులో దాచిన రాజీనామా కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. మోడెం స్విచ్ తనే ఆపింది. పచ్చదీపం ఆరిపోయింది.

ఐదింటికి సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. కాగితం సంగతి తెలిసిన మొగుడు గేటు దగ్గర ఎదురుచూస్తున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోకుండానే నడిచి వెళ్లిపోయారు.

పైన గదిలో కొక్కేనికి హెడ్‌ఫోన్ వేలాడుతోంది. నీలిగళ్ల గుడ్డ కుట్టిన కుడివైపు దిండు నడుమ, ఒక చెవి పట్టేంత గుంట.