నోరు తెరవమ్మా

మళ్ళీ వేడి చేసిన జావను చేతి మీద చుక్క వేసుకుని చూసి, ఆమె కూతురి మంచం పక్కన కూర్చుంది. బుజ్జికి తొమ్మిదేళ్ళు. రక్త క్యాన్సర్‌కి మందులు ఎక్కించడం మొదలైనప్పటి నుంచి నోరంతా పూత. నీళ్ళు తాగినా ఇనుము చప్పరించినట్టుందంటుంది. వంటింటికీ మంచానికీ మధ్య తిరగడమే ఆమె ఉద్యోగమైపోయింది. బడిలో లెక్కలు చెప్పే అసలు ఉద్యోగానికి ఎప్పుడో సెలవు పెట్టేసింది.

సాయంత్రం వచ్చిన భర్త పిల్ల ముఖం కన్నా ముందు గిన్నె చూస్తాడు. "సగం అలాగే ఉంది. పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటావు, ఒక్క పిల్లకి తినిపించలేవా?" అత్తగారు ఫోనులో ఇంకాస్త మెత్తగా అంటుంది. "మా పిల్లలు గిన్నె నాకి పెట్టేవాళ్ళమ్మా. అంతా తల్లి చేతిలో ఉంటుంది." నాలుగు ముద్దలు లోపలికి వెళ్ళిన రోజున బుజ్జి వాళ్ళ నాన్నలాగే గట్టి పిండం. కక్కిన రోజున ఆమె వంట బాగాలేదు. వాంతి పడ్డ దుప్పట్లు ఉతుకుతూ ఆమె ఎంత ఏడ్చిందో బకెట్‌కి తప్ప ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

బరువు తగ్గిపోతోంది, ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేసి ఆహారం పంపుదామంది డాక్టరమ్మ. "తల్లి బతికుండగా గొట్టమెందుకండీ?" అన్నాడాయన. డాక్టరమ్మ జాలిగా చూసింది, ఆయన వైపు కాదు, ఆమె వైపు. ఆమె తల దించుకుంది.

ఇప్పుడు బుజ్జి పెదాలు బిగించింది. "ఒక్క చెంచా బంగారం" అంటూనే ఆమె పిల్ల దవడ పట్టుకుంది. చెంచా అంచు పూతకి గీరుకుంది. పిల్ల కెవ్వుమనలేదు. మింగింది. కళ్ళ నీళ్ళు కారుతుండగానే ఇంకో చెంచాకి నోరు తెరిచింది.

"నొప్పిగా ఉంటే వద్దులే తల్లీ."

"తినేస్తానమ్మా. లేకపోతే నాన్న నిన్ను తిడతాడుగా."

ఆమె చేయి అక్కడే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తాను పిల్లని కాపాడుకుంటున్నాననుకుంది. పుండ్ల నోటితో పిల్లే తనని కాపాడుతోంది.

జావ సింకులో పారబోసి వచ్చి, గొట్టం సంగతి దాచకుండా చెప్పింది. వేసేటప్పుడు వాంతి వచ్చినట్టుంటుందని, గొంతులో గుచ్చుకుంటుందని, తర్వాత మాత్రం తినమని ఎవరూ వెంటపడరని.

బుజ్జి తల్లి వైపు తిరిగింది. "అప్పుడు నువ్వు చెంచా లేకుండా, ఊరికే నా పక్కన కూర్చుంటావా?"

"కూర్చుంటాను."

"అయితే వేయించు."

మర్నాడు గొట్టం వేసి నర్సు బయటికి వెళ్ళాక, వార్డు వరండాలో భర్త నుంచి ఆమెకి ఫోను వచ్చింది. అటూ ఇటూ అందరూ ఎవరో ఒకరి భుజాన్ని ఆనుకుని కూర్చున్నారు. ఆమె గోడకి ఆనుకుంది.

"ఎవరినడిగి వేయించావ్? నేను చచ్చాననుకున్నావా?"

ఆమె మాట దాటేయలేదు.

"మింగాల్సిన మనిషిని అడిగానండీ."