మోటార్లు మొదలుకాకముందు

నల్లా వచ్చే రోజు మా గల్లీకి పోచమ్మ గొంతుతోనే తెల్లవారేది. మొదటి బకెట్ మునగచెట్టుకు పోసేది. రెండో బకెట్ మీదికి వంగి వాసన చూసేది. ఆ తర్వాత దోసిలి పట్టి ఒక గుక్క నోట్లో పోసుకుని, కాసేపు అలాగే ఉంచుకుని, మింగి, "పట్టుకోండి" అని కేకేసేది. అప్పటిదాకా గల్లీలో ఎవరూ నల్లా కింద బిందె పెట్టేవాళ్లు కాదు.

పోచమ్మ నా భార్య. పోయి రెండేళ్లు దాటింది. గుండెలో నొప్పి అంటే పంజాగుట్టలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. ఆటో దిగి తనే నడిచి లోపలికి వెళ్లింది. తిరిగి రాలేదు. అంతకంటే చెప్పేదేమీ లేదు.

మా ఇల్లు అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు పోయే వెనక గల్లీలో మొదటిది. రెండు గదులు, ముందు వాకిలి, వాకిట్లో నల్లా గుంట. ఇప్పటి పిల్లలకు నల్లా గుంట అంటే తెలియదు. గొట్టంలో నీళ్లకు పైకెక్కే బలం ఉండదు. అందుకని నేలలో గొయ్యి తవ్వి, దాని లోపల నల్లా పెట్టేవాళ్లు. మెట్టు దిగి బిందె నింపుకోవాలి. పోచమ్మ దిగి దిగి ఆ మెట్టు నడుమ అరిగి పల్లెంలాగా అయింది. వాన పడితే ఇప్పటికీ అందులో నీళ్లు నిలుస్తాయి. పిట్టలు వచ్చి తాగిపోతాయి.

నేను మెదక్ దిక్కు పల్లె నుంచి బస్సు కండక్టరుగా వచ్చిన కాలంలో ఇక్కడ అన్నీ పెంకుటిళ్లే. తర్వాత కంప్యూటర్ కోచింగులు వచ్చాయి. వాటి వెనకే హాస్టళ్లు వచ్చాయి. ఇప్పుడు మా ఇంటి మీద ఎండ పడేది నడిమధ్యాహ్నం మాత్రమే.

అప్పట్లో మంజీరా నీళ్లు వచ్చేవి. పోచమ్మ పుట్టిల్లు మంజీరా ఒడ్డున. నల్లా తిప్పి "మా ఊరి నీళ్లే" అని మురిసిపోయేది. ఇసుక మీద రంజన్ పెట్టి, తడిగుడ్డ చుట్టి, అందులో పోసేది. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఆ మట్టికుండలో నీళ్లు పళ్లు జిల్లుమనేలా ఉండేవి. కొన్నేళ్లకు కృష్ణా నీళ్లు కలిశాయి. కలిసిన రోజే గుక్కెడు తాగి మొహం చిట్లించింది.

"ఇయ్యి మనయి కావు."

"నీకెట్ల తెలుసు?"

"నీకు మీ అమ్మ చేతి కూర తెలుస్తది, పక్కింటోళ్ల కూర తెలుస్తది. నాకు నీళ్లు తెలుస్తయి. నవ్వకు."

వేసవిలో నల్లా సన్నగా దారంలాగా వచ్చేది. ఎత్తు మీద ఉన్న ఇళ్లకు అదీ ఎక్కేది కాదు. ఆడవాళ్లందరూ మా గుంట చుట్టూ బిందెలు పెట్టుకుని కూర్చునేవాళ్లు. పక్కింటి షహజాది పెద్ద కేటిల్‌తో చాయ్ తెచ్చేది. ఎవరి బిందె ముందు, ఎవరి బిందె వెనక అని తగువులు పడేవాళ్లు. తగువు మధ్యలోనే ఒకరి పిల్లకు ఇంకొకరు జడలు వేసేవాళ్లు. నేను నైట్ డ్యూటీ చేసి పడుకుంటే వీళ్ల లొల్లికి నిద్ర పట్టేది కాదు. అప్పుడు విసుక్కునేవాణ్ని. ఇప్పుడు వాకిలి నిశ్శబ్దంగా ఉంటుంది. నిద్ర ఇప్పుడూ పట్టదు.

ఆ గుంట చుట్టూ కూర్చోవడం మానిపించినవాడు బాబూ మియా. షహజాది భర్త. ఆటో నడిపేవాడు. ఒక ఎండాకాలం రాణిగంజ్ నుంచి మోటార్ తెచ్చి తన నల్లా గొట్టానికే బిగించాడు. స్విచ్ వేయగానే వాళ్ల ట్యాంకు నిండింది. మా గుంటలో నల్లా గాలి ఊదింది. పోచమ్మ సగం బిందె దగ్గర కూర్చుని ఎదురుచూసింది. మరుసటి నెలకు ఎదురింటివాళ్లు దానికంటే పెద్ద మోటార్ తెచ్చారు. అలా గల్లీ అంతా పాకింది. నేను తేలేదు. పోచమ్మ తేనివ్వలేదు. "గుంజుకున్న నీళ్లు మనకొద్దు" అంది.

ఆ రోజు నుంచి బాబూ మియాతో నేను మాట్లాడలేదు. పోచమ్మ పాడెకు భుజం పట్టాడు. అయినా మాట్లాడలేదు. ఆడవాళ్లిద్దరూ మాత్రం గోడ మీదుగా మాట్లాడుకుంటూనే ఉండేవాళ్లు. నల్లా రాగానే పోచమ్మ అదే కేక వేసేది. మోటార్ ఉన్నవాళ్లను పిలిచి మరీ నీళ్లివ్వడమేమిటని అడిగితే, "నీకెందుకు, నువ్వు పండుకో" అనేది.

ఈ ఆషాఢంలో నీళ్లు చెడ్డాయి.

ఒక రోజు నల్లా రాగానే అలవాటు కొద్దీ మొదటి బకెట్ చెట్టుకు పోశాను. రెండోది బాగానే ఉంది. తర్వాత గల్లీలో మోటార్లు ఒకటొకటే మొదలయ్యాయి. నా నల్లా సన్నబడింది. మూడో బకెట్‌లో నీళ్లు తేటగానే ఉన్నాయి కాని, వంగితే మురుగు మోరీ వాసన కొట్టింది. పారబోశాను. మళ్లీ నల్లా రోజు కూడా అంతే. మోటార్లకు ముందు మంచి నీళ్లు, మోటార్లు మొదలయ్యాక వాసన.

నాకు దానితో పనిలేదు. పోచమ్మ పోయాక రంజన్ బోర్లించేశాను. కొట్టు నుంచి వాటర్ డబ్బా తెచ్చుకుంటున్నాను. ఆ నీళ్లకు రుచి లేదు, వాసనా లేదు. ఒక్కడికి చాలు.

అదే వారం ఇంకో పక్క గోడ అవతలి లేడీస్ హాస్టల్ నుంచి ఇద్దరు అమ్మాయిలు పెట్టెలతో ఊళ్లకు పోతూ కనిపించారు. ఒకమ్మాయి కళ్లు పసుపు పూసినట్టున్నాయి. హాస్టల్ నడిపే రత్నమాల గేటు దగ్గరే ఉంది. రాజమండ్రి మనిషి.

"ఏమైంది పిల్లలకు?" అని అడిగాను.

"పచ్చకామెర్లండీ. బయట పానీపూరీలు తినొద్దంటే వింటారా ఏంటి? ఇప్పుడు నన్నంటారు."

ఇంటికి వచ్చి కూర్చున్నాను. పక్కన బాబూ మియా డాబా మీద ఇఫ్ఫత్ బట్టలు ఆరేస్తోంది. వాళ్ల కోడలు, కొడుకు ఫహాద్ భార్య. నెలలు నిండుతున్నాయి. ఒక చేత్తో నడుము పట్టుకుని వంగుతోంది. బట్టలు అయ్యాక ట్యాంకు కింది నల్లా తిప్పి, చెంబుతో పట్టుకుని గటగటా తాగింది.

మా మేనత్త కూతురికి నిండు నెలల్లో కామెర్లు వచ్చాయి. నేను మూడో తరగతి. బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో తల్లినీ బిడ్డనూ ఒకే చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. ఆడమనిషికి అప్పుడు కామెర్లు వస్తే ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

లేచి వెళ్లి వాళ్ల గేటు కొట్టాను. షహజాది తీసింది. నన్ను చూసి తలమీది కొంగు సర్దుకుంది.

"నర్సన్నా, నువ్వా? లోపలికి రా."

"రాను. మీ కోడలు ఏ నీళ్లు తాగుతది?"

"నల్లా నీళ్లే. ఇంట్ల అందరం అయ్యే గద. డబ్బా నీళ్లు నాకు పడయి."

లోపల మంచం మీద నుంచి బాబూ మియా గొంతు వినిపించింది. "ఇన్నేండ్లకు మా గేటు కొట్టినవ్ నర్సయ్యా. నీళ్ల పంచాయితీ ఇంకా ఒడవలేదా?"

"నేను మీ ఆయనతోని మాట్లాడుతలేను" అన్నాను షహజాదితో.

"సరే" అన్నాడు వాడు. "షహజాదీ, నర్సయ్య భాయ్‌కి చెప్పు, నేను ఇంట్ల లేనని."

అంటూనే నల్లా నీళ్ల గ్లాసు పట్టుకుని గేటు దాకా వచ్చాడు. గడ్డం మొత్తం నెరిసింది. పోచమ్మ పోయినప్పటి నుంచి ఇంత దగ్గరగా చూడలేదు. గ్లాసు వెలుతురుకు పెట్టి చూపించాడు. "చూడు. అద్దం లెక్కున్నయి."

"చూసుడు కాదు. వాసన చూడు."

"నాకు జలుబు."

షహజాది గ్లాసు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. నీళ్లు మోరీలో పారబోసింది.

"గొట్టం ఏడనో పగిలింది" అన్నాను. "గొట్టంల నీళ్లు చాలకపోతే మోటార్ ఊకుంటదా? పక్క మోరీల నీళ్లు గుంజుతది. మంచియేవో చెడ్డయేవో దానికి తెల్వది."

"గల్లీల అందరికున్నయి మోటార్లు. నాదొక్కటేనా?"

"మొదలు నీదే."

వాడు నోరు తెరిచాడు. షహజాది చెయ్యెత్తి ఆపింది.

"పోచమ్మ గిదే చెప్పేది" అంది. "నల్లా రాంగనే పిలిచేది. 'ఆపా, తాగేటియి ఇప్పుడే పట్టుకో, మోటార్లు మొదలైనంక వచ్చిన నీళ్లు పిల్లలకు పెట్టకు' అనేది. నేను మీ గుంట కాడికొచ్చి రెండు బిందెలు పట్టుకపోయేదాన్ని. నా పిల్లలు, పిల్లల పిల్లలు అయ్యే తాగి పెరిగిండ్రు. ఆమె పోయినంక పిలిచేటోళ్లు లేరు. నా మోకాళ్లు సుత పోయినయ్. ట్యాంకి నీళ్లకే అలవాటు పడ్డం."

నేను మా రెండిళ్ల మధ్య గోడ వైపు చూశాను. గోడ పైన పోచమ్మ చెయ్యి ఆనించుకునే చోట సున్నం ఊడి, నున్నగా ఉంది. ఇన్నేళ్లు ఆ కేక విన్నాను. దాని అర్థం పక్కింటివాళ్లకు తెలుసు, నాకు తెలియదు.

ఫహాద్ అమీర్‌పేటలో సెల్‌ఫోన్ దుకాణంలో పని చేస్తాడు. తల్లి ఫోన్ చేస్తే మధ్యలోనే వచ్చి, ఇఫ్ఫత్‌ను రక్తపరీక్షకు తీసుకుపోయాడు. ఫలితం రావడానికి టైం పడుతుందన్నారట. బాబూ మియా ఆ సాయంత్రం నాలుగు డబ్బాలు మోసుకొచ్చాడు. మెట్ల మీద ఆగి ఆగి ఎక్కాడు. చూశాను. సాయం పట్టలేదు.

కబురందుకుని నీళ్ల బోర్డు లైన్‌మ్యాన్ ఇద్రీస్ మరునాడు వచ్చాడు. గల్లీ పొడుగునా నడిచి, మా గుంటలోకి తొంగి చూసి, బీడీ ముట్టించాడు.

"మోటార్లు నడిస్తే గొట్టం లోపలికి గుంజుతది. పైకి ఏం కనవడదు. గల్లీ మొత్తం తవ్వుతమా? ఒక్క నల్లా రోజు అందరు మోటార్లు బంద్ వెట్టుర్రి. ఏడ పగిలిందో నీళ్లే బయటికొచ్చి చెప్తయి."

చుట్టూ చేరిన గల్లీవాళ్లందరూ తలలూపారు. ఎవరికి వారు పక్కవాడు ఆపుతాడా అని చూశారు. రత్నమాల ఒక్కతే పైకి అంది.

"ఏంటండీ రాజనర్సయ్య గారూ, అంతమంది ఆడపిల్లలున్న హాస్టలండీ. స్నానాలకి నేనేం చెయ్యాలి? తాగడానికి ఫిల్టర్ మెషీన్ నీళ్లిస్తూనే ఉన్నాను కదా."

"పళ్లు తోముకునేది ఏ నీళ్లతోని? పల్లేలు కడిగేది ఏ నీళ్లతోని?"

ఆవిడ హాస్టల్ వైపు చూసింది.

"ఇద్దరిని పంపిండ్రు. ఇంకెందరిని పంపినంక ఆపుతరు?"

"పెద్దవారు, అలా అనకూడదండీ" అంది. మళ్లీ తనే, "ట్యాంకర్ చెప్పుకుంటాలెండి" అంది.

బాబూ మియా ఇంట్లోకి పోయి మోటార్ ఫ్యూజు పీకి తెచ్చాడు. అందరి ముందూ షహజాది చేతిలో పెట్టాడు. "నువ్వే దాచు. నా మీద నాకు భరోసా లేదు." గల్లీ నవ్వింది. నేను నవ్వలేదు.

నల్లా రోజు పొద్దున గుంట పక్కన కూర్చున్నాను. ముందు గొట్టంలో గాలి గురగురలాడింది. తర్వాత నీళ్లు పడ్డాయి. ఎక్కడా మోటార్ మోత లేదు. నల్లా నిండుగా, నా మణికట్టంత లావున పడింది. బిందె అడుగున పడ్డప్పుడు మోగే మోత, నిండే కొద్దీ మారే మోత, అన్నీ వినిపించాయి. ఈ చప్పుడు నేను మరిచిపోయాననుకున్నాను. ఎదురింటివాళ్లు బిందెలు పట్టుకుని వచ్చారు. హాస్టల్ అమ్మాయిలు బకెట్లతో వచ్చి, గుంటలోకి చూసి, ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. షహజాది గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలింది.

అంతలో ఇద్రీస్ పిలిచాడు. హాస్టల్ మోరీ మూతకూ మా గోడకూ మధ్య నేల తడిసింది. చూస్తుండగానే నీళ్లు బుడబుడమని పైకి ఉబికాయి. తవ్వించాడు. హాస్టల్‌కు కొత్త మోరీ గొట్టం వేసినప్పుడు కూలీల గడ్డపార పాత నల్లా గొట్టానికి తగిలింది. ఎవరో దానికి సైకిల్ ట్యూబు చుట్టి మట్టి కప్పేశారు. సరిగ్గా దాని మీదే మోరీ గొట్టం అతుకు కారుతోంది.

"నాకు తెలియదండీ, కాంట్రాక్టరు పనండీ" అంది రత్నమాల. తెలియదనే అనుకుంటాను. క్షమించాల్సింది మాత్రం నేను కాదు, పెట్టెలతో ఊరికి పోయిన ఆ ఇద్దరు అమ్మాయిలు.

గొట్టం మార్చిన రోజే ఇఫ్ఫత్ పరీక్ష ఫలితం వచ్చింది. ఏమీ లేదు. ఆ మాట చెప్పడానికి బాబూ మియా మా గేటు దాకా వచ్చి, నన్ను చూసి, ఎవరితోనో చెబుతున్నట్టు మునగచెట్టుతో చెప్పాడు. "కడుపుల బిడ్డ, తల్లి మంచిగున్నరంట." చెట్టు ఏమీ అనలేదు. నేనూ అనలేదు. వాడు వెళ్లాక లోపలికి వచ్చి రంజన్ తిరగేసి, బూజు దులిపి, కడిగాను.

నెల తిరక్కుండానే మోటార్లన్నీ మళ్లీ వచ్చాయి. ముందుగా ఎదురింటిది వచ్చింది. రెండోది ఎవరిదో చెప్పనక్కరలేదు. వీళ్లు మారరు. మారతారని నేనూ అనుకోలేదు.

కాని ఒక పద్ధతి వచ్చింది. నల్లా రాగానే మొదటి బకెట్ చెట్టుకు పోస్తాను. రెండోదానికి వంగి వాసన చూస్తాను. దోసిలి పట్టి గుక్కెడు తాగుతాను. ఏ నది నీళ్లో నాకు తెలియదు. ఆ నాలుక నాకు లేదు. చెడు వాసన తెలుస్తుంది, అంతే. తర్వాత "పట్టుకోండి" అంటాను. ఇఫ్ఫత్ గోడ మీదుగా బిందె అందిస్తుంది. తాగేవి అందరివీ నిండాకే స్విచ్‌లు వేస్తారు.

బాబూ మియా గుమ్మంలో స్విచ్ మీద చెయ్యి పెట్టుకుని నా కేక కోసం నిలబడతాడు. నేను గుక్క మింగేసి కూడా కాసేపు ఊరికే కూర్చుంటాను. వాడు నిలబడే ఉంటాడు. పోచమ్మ ఉంటే తిట్టేది.