హమ్రాకుల్ పనితనం

పత్తి చేలల్లో నలుగురు చచ్చిపోయిన రోజున మా నాన్ రొట్టెల బట్టీ ముందుకు రెండు వందల మంది కూలీలు పారలు పట్టుకుని వచ్చారు. చచ్చినవాళ్లలో, ఆ కూలీల ముందు నిలబడ్డ సనోబార్ కూతురొకతె. పద్దెనిమిదేళ్ల పిల్ల. మేం కాల్చిన నాన్ తిని, మెలికలు తిరిగి పోయింది.

నేను ఆ బట్టీలో పిండి పిసికేవాణ్ణి. పత్తి చేల కాంట్రాక్టర్ తుర్సున్ నెల రోజులుగా కూలీల తిండికని మాకు పంపింది బూజు పట్టిన పిండి. మా పెద్ద మేస్త్రీ హమ్రాకుల్ మా ఫర్గానా లోయలో చెయ్యి తిరిగినవాడు; పని నేర్పే గురువని అందరూ ఉస్తా అనేవాళ్లం. ఉల్లి తరుగు, నల్లజీలకర్ర, గొర్రె కొవ్వు కలిపి ఆ కంపును మాయం చేశాడు. "మట్టిచ్చినా నాన్ చేస్తానురా!" అని మీసం మెలేశాడు. మేం చప్పట్లు కొట్టాం. పనిలో ఆనందం ఉంటే చాలనుకున్న వెధవలం మేం.

సనోబార్ బల్ల మీద ఒక నాన్ పెట్టింది. మా వైపు నాన్ మీద చెయ్యేసి ఎవడూ అబద్ధమాడడు.

"చెయ్యెయ్యి ఉస్తా. నీకు తెలీదని చెప్పు. వెళ్లిపోతాం."

ఉస్తా చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు. "తెలుసమ్మా."

సనోబార్ పార కర్ర అతని దవడ మీద పడింది. రెండు పళ్లు రాలాయి. అతను తల తిప్పుకోలేదు.

"ముప్పై ఏళ్లు పనే నా దేవుడనుకున్నా. ఎవడి కోసం చేస్తున్నానో అడగలేదు. తుర్సున్ పాపానికి రుచి పెట్టింది నేనే."

అప్పుడే తుర్సున్ ఆరుగురు గూండాలతో దిగాడు.

"ముచ్చట తీరిందా? ఇక చేలోకి నడవండి. ఒరే ముసలోడా, మూతి కడుక్కుని నాన్లు కాల్చు."

"అదే పిండా?" అంది సనోబార్.

"కాకపోతే నీకు పలావు వండించాలా?"

"నేను కాల్చను," అన్నాడు ఉస్తా.

గూండాలు అతన్ని ఈడ్చి, కుడిచెయ్యి కాలుతున్న పొయ్యి గోడకు అదిమారు. తోలు చిటపటలాడింది.

"కాలుస్తావా?"

"చస్తే కాల్చను!"

అందరికంటే ముందు కదిలింది సనోబార్. ఈసారి పార పదును వైపు తిప్పింది. ఒకడి మోకాలు చీలింది. నాన్లు తీసే ఇనుప ఊచతో నేను ఇంకొకణ్ణి పొడిచాను. మిగతా గూండాలు పరుగందుకున్నారు. తుర్సున్‌ని కూలీలు సంచుల మధ్య దొరకబుచ్చుకుని, అదే పిండి గుప్పిళ్లతో నోట్లో కుక్కారు. "తిను! రుచి ఎలా ఉందో చెప్పు!"

పోలీసులొచ్చి తుర్సున్‌ని విడిపించి ఇంటికి పంపారు. ఉస్తాకి కాలిన చేతి మీదే బేడీలేసి జీపెక్కించారు.

"నీ కూతుర్ని చంపింది వీడేనమ్మా. నీకు న్యాయం చేస్తున్నాం, తప్పుకో," అన్నాడు అధికారి.

సనోబార్ జీపు ముందు పడుకుంది. "వీడు ఒప్పుకున్నాడు. పిండి పంపినోడు ఒప్పుకోలేదు. ముందు వాణ్ణి తీసుకురా. లేదంటే నా మీంచి తోలు."

తోలాడు. చక్రం ఆమె పాదాల మీదికెక్కింది. రెండు వందల మందిమి ఆ జీపును చేతులతో లేపాం, ఉస్తాను దించుకున్నాం, అధికారితో సహా దాన్ని కాలవలోకి దొర్లించాం.

ఉస్తా పంటితో తలపాగా చింపి ఆమె పాదాలకు కట్టు కట్టాడు.

"నీ మీద నా కోపం పోలేదు," అంది.

"పోనియ్యకు తల్లీ. గోదాములో ఇంకా నాలుగు వందల సంచులున్నాయి."

"అయితే నన్ను ఎత్తుకోండి."

పిండిని తగలబెట్టడం మా వైపు మహాపాపం. ఆ పాపం చెయ్యడానికే సనోబార్‌ని భుజాలకెత్తుకుని గోదాము వైపు నడిచాం.