చీటీ కట్టిన రైఫిళ్లు

యెషయాను గేటు బయట నిలబెట్టి పాసు లాక్కున్నారు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ గేటులోకి నడిచిన మనిషి మెడలోని తాడు పట్టి, బొల్లారం రోడ్డు మీద పోయే పదిమందీ చూస్తుండగా గుంజుకున్నారు. సూపర్‌వైజరు చెప్పిన కారణం ఒక్కటే. సైన్యానికి కొత్త రైఫిల్ వస్తోందట, పాతదానికి రోజులు దగ్గరపడ్డాయట, కాబట్టి దాన్ని బాగుచేసే ముసలి చేతులు ఇక అక్కర్లేదట. యెషయా గొడవ పడలేదు. టిఫిను డబ్బా లోపల ఉండిపోయింది, అదైనా ఇప్పించమని అడిగాడు. అదీ ఇవ్వలేదు.

నాలుగడుగుల దూరంలో నిలబడి ప్రభుదాస్ ఇదంతా చూశాడు. చూసి, తన పాసు చూపించి లోపలికి వెళ్లిపోయాడు. ఛీ, ఇదేం మనిషి అని మనం అనుకోవచ్చు. అనుకునే ముందు అతని సంగతీ వినాలి. వయసు యాభై నాలుగు. అల్వాల్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. రైఫిళ్లు బాగుచేసే ఆ వర్క్‌షాపులో ఇరవై ఏడేళ్ల సర్వీసు, అదీ కాంట్రాక్టు సర్వీసు. ఏటా కాగితం మారేది, కాంట్రాక్టరు పేరు మారేది, పని మాత్రం అదే. ఈ వయసులో ఇంకో పని ఎవడిస్తాడు? ఆ భయమే అతన్ని లోపలికి తోసింది.

వర్క్‌షాపులో యెషయా పోగా మిగిలిన ఫిట్టర్లు నలభై మంది. వాళ్ల పని పద్ధతి ఒకటి చెప్పాలి, ఈ కథలో కొంప ముంచింది అదే. బయటి నుంచి వచ్చిన ప్రతి రైఫిల్‌నూ ఫిట్టరు ముందు పరీక్షించి, లోపమేమిటో అట్ట చీటీ మీద రాసి ట్రిగ్గరు దగ్గర కడతాడు. బాగుచేశాక కూడా ఆ చీటీని తను విప్పడు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, ఆయనే విప్పాలి. చీటీ మీద చెయ్యి వేసిన ఫిట్టరు ఆ షాపులో ఇంతవరకూ పుట్టలేదు.

యెషయాను గెంటేసిన సాయంత్రమే చర్చి వెనక రేకుల షెడ్డులో అందరూ కూడారు. ముందు మాట్లాడింది దేవకృప. షాపులో ఉన్న ఒక్క ఆడమనిషి, గేజీలతో కొలతలు చూస్తుంది, ముప్పై దాటలేదు గానీ మాటలో మొహమాటం లేదు. కొత్త రైఫిల్ వస్తే రానివ్వండి, దాని పని మనకు నేర్పమని అడుగుదాం అంది. రైఫిలుకు వయసైపోతే మనిషిని పారేస్తారా, అది అడగాల్సిన మాట అంది.

ప్రభుదాస్‌కు ఆ మాట గిట్టలేదు. ఆ రైఫిల్ అతనికి అన్నం పెట్టింది. దాన్ని పాతదంటే తనను అన్నట్టే ఉంటుంది. లేచి, రైఫిలుకు ఏం రోగమొచ్చిందని, సరిగ్గా చూసుకుంటే ఇంకో ఇరవై ఏళ్లు పనిచేస్తుందని, ముందు ఆ మాట నిలబెడితే మన పనీ నిలబడుతుందని గట్టిగా వాదించాడు. పెద్దమనిషి మాట, అందరూ తలూపారు.

నిజానికి అతని కంటే ఎక్కువగా ఎవరికీ తెలియదు ఆ రైఫిల్ సంగతి. చలికి గుళ్లు నింపే మ్యాగజైన్లు పగిలినవి అతని బల్ల మీదికే వచ్చేవి. గుండును గొట్టంలోకి తోసే బోల్టు సగంలో ఇరుక్కున్నవీ అతని దగ్గరికే. పాతబడింది, ముమ్మాటికీ పాతబడింది. ఇరవై ఏడేళ్లుగా దాన్ని లేపి నిలబెడుతున్నది ఈ నలభై జతల చేతులే. కానీ కడుపులో ఉన్న నిజం నోటికి రావాలంటే ధైర్యం కావాలి. అతనికి అది లేకపోయింది.

మర్నాడు కాంట్రాక్టరు రామభద్రరావు స్వయంగా వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి వ్యాపారంలో స్థిరపడ్డ మనిషి, ఎంత చిన్నవాణ్నైనా గారూ అనే పిలుస్తాడు. గురువారం పెద్ద కమిటీ వస్తోందని, రైఫిల్ పాతబడిందో లేదో వాళ్లే కాల్చి చూసి తేలుస్తారని చెప్పాడు. మరమ్మతుకు వచ్చిన వాటిలోంచి ఇరవై తీసి, ఉన్నవి ఉన్నట్టు చీటీలతో సహా పక్కన పెట్టమన్నాడు. "మీరు చెయ్యి వేయకండి ప్రభుదాసుగారూ. దాని తలరాత ఎలా ఉంటే అలా జరుగుతుంది."

చెయ్యి వేయకండి అంటే! కళ్లముందు ఇరుక్కున్న బోల్టు పెట్టి, దాన్ని అలాగే బయటికి పంపమంటే ఏ ఫిట్టరు పంపుతాడు? బుధవారం మధ్యాహ్నం అన్నాల వేళ, సూపర్‌వైజరు క్యాంటీనుకు పోగానే, ప్రభుదాస్, దేవకృపలతో కలిపి ఆరుగురు ఆ ఇరవై రైఫిళ్ల మీద కూర్చున్నారు. దేవకృప వద్దంటూనే వచ్చి గేజీ పట్టింది. స్ప్రింగులు మార్చారు, గొట్టాల్లో మసి గీకారు, బోల్టులు నూనెలో నానబెట్టి నునుపు చేశారు. తిండి తినలేదు ఎవరూ. పని అయ్యాక, అలవాటు ప్రకారం, చీటీలు అలాగే వదిలేశారు. విప్పాలన్న ఊహ ఒక్కరికీ రాలేదు.

గురువారం ఫైరింగు స్థలం వైపు నుంచి మోత వినిపిస్తూనే ఉంది, ఆగలేదు. ఒక్క రైఫిల్ మొరాయించలేదని వార్త వచ్చేసరికి షాపులో చప్పట్లు. ప్రభుదాస్ దండెం మీది తువాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. గెలిచామనుకున్నాడు పాపం.

సోమవారం నోటీసు బోర్డు మీద కాగితం పడింది. ఫిట్టర్లలో ఒకడైన జెరెమియా పైకి చదివాడు. బోల్టు ఇరుకు, స్ప్రింగు నీరసం, మ్యాగజైను పగులు అని చీటీల్లో రాసిన ఇరవై రైఫిళ్లూ ఏ లోపం లేకుండా పేలాయట. కాబట్టి లోపం చీటీల్లో ఉంది తప్ప తుపాకుల్లో లేదట. పని చూపించుకోడానికి ఫిట్టర్లు దొంగ లోపాలు రాస్తున్నారట. సరిహద్దుకు ఎలాగూ కొత్త రైఫిల్ వస్తుంది కనుక, పాతవాటిని మరమ్మతు అక్కర్లేకుండానే కాపలా దళాలకూ పోలీసులకూ పంచేస్తారట. వర్క్‌షాపు నెలాఖరుకు మూత. కొత్త రైఫిల్ సంరక్షణ వేరే కంపెనీకి ఇచ్చారు. ఆ కంపెనీ రామభద్రరావు బావమరిది దుర్గేష్‌ది.

చూశారా మాయ! రైఫిల్ పాడైందని తేలితే పారేస్తారు, అప్పుడు ఫిట్టరు దండగ. బాగుందని తేలితే మరమ్మతే అక్కర్లేదు, అప్పుడూ ఫిట్టరు దండగే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా దొంగలన్న పేరు.

ఆ సాయంత్రం షెడ్డులో జెరెమియా ప్రభుదాస్ చొక్కా పట్టుకున్నాడు. "నీ రైఫిల్, నీ రైఫిల్ అని మా నోట్ల మట్టి కొట్టినవ్ కదనే." ప్రభుదాస్ విడిపించుకోలేదు. కొడితే బాగుండుననిపించింది. ఇద్దరు వచ్చి విడదీశాక బెంచీ మీద కూలబడి, చెప్పేద్దాం అన్నాడు. ఆ ఇరవైనీ మేమే బాగుచేశామని రాసిద్దాం, చీటీలు నిజమేనని చెబుదాం అన్నాడు. మరి పరీక్ష చెడగొట్టారని కేసు పెడితే? జైలుకు ఎవడు పోతాడు? చెప్పకపోతే దొంగలం, చెబితే నేరస్థులం. అరుపులతో రేకులు దద్దరిల్లాయి.

దేవకృప లేచింది. మధ్యాహ్నం తను చూసింది చెప్పింది. ర్యాకుల్లో బాగుచేయనివి మూడొందల రైఫిళ్లు ఉన్నాయి. సూపర్‌వైజరు కత్తెర తెచ్చి వాటి చీటీలన్నీ కోసేశాడు. అవన్నీ ఉన్నవి ఉన్నట్టే పంచేస్తున్నారు, ముందుగా మన గేటు కాపలావాళ్ల చేతికే పోతున్నాయి.

"సరిహద్దుకు పాతదైందంట," అంది. "మన మీదికి ఎత్తడానికి మాత్రం పనికొస్తదంట. అందుకే చీటీలు కోసిన్రు. మనం మాట్లాడకుంటే, రేపు అది ఎవని చేతిల పేలినా ఆ పాపంల మనకు సుత వాటా ఉంటది. కేసు పెడితే పెట్టనీ. ఆరుగురి పేర్లెందుకు, నలభై పేర్లు రాద్దాం."

అందరిళ్లలోనూ పిల్లల ఫీజులున్నాయి, మందుల చీటీలున్నాయి. అయినా మొదటి సంతకం పెట్టింది జెరెమియానే. ఆ బుధవారం అతను రైఫిల్ ముట్టనైనా లేదు.

మర్నాడు ఉదయం నలభై మందీ లోపలికి పోకుండా గేటు ముందు కూర్చున్నారు. కాగితంలో రెండే సంగతులు. ఇరవై రైఫిళ్లు బాగుచేసింది మేమే, మూడొందలు ఇంకా చెడిపోయే ఉన్నాయి, వాటిని ఎవరి చేతికీ ఇవ్వకండి అన్నది ఒకటి. కొత్త రైఫిల్ పని మాకు నేర్పండి అన్నది రెండోది. ఆ కాగితం లోపలికి పోయింది. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. రామభద్రరావు కారు వచ్చింది, అద్దం దించకుండా వెనక గేటు వైపు తిరిగింది. రోడ్డు మీద పోయే బస్సులోంచి జనం వంగి చూశారు, బస్సు పోయింది. వాళ్ల గోడు ఎవరికి పట్టింది!

పదకొండు దాటాక పోలీసు వ్యాను వచ్చింది. సెక్యూరిటీ అధికారి బయటికొచ్చి, అయిదు నిమిషాల్లో లేవకపోతే లేపిస్తానన్నాడు. లేవలేదు. కాపలావాళ్లను వరసలో నిలబెట్టాడు. వాళ్ల చేతుల్లో ఏమున్నాయో నలభై మందికీ ఒకేసారి తెలిసింది. ట్రిగ్గరు దగ్గర కోసేసిన దారం మొదళ్లు ఇంకా వేలాడుతున్నాయి.

లోడ్ చేయమన్నాడు అధికారి. బెదిరించడానికే కావచ్చు. బోల్టులు గుంజిన చప్పుళ్లు వరసగా వచ్చాయి, చివరిది మాత్రం సగంలో ఆగింది. వరస కొసన నిలబడ్డ హవల్దారు, నలభై అయిదేళ్ల మనిషి, బోల్టు గుంజుతున్నాడు. రావడం లేదు. అరచేత్తో కొట్టాడు. గుండు లోపల అడ్డం పడిందని, ఇంకో దెబ్బ కొడితే ఎటు పోతుందో చెప్పలేమని అక్కడ కూర్చున్న వాళ్లందరికీ తెలుసు. హవల్దారు ముఖమంతా చెమట. రోజూ గేటు దగ్గర నమస్తే పెట్టే మనిషి. పై అధికారిని కాదు, ప్రభుదాస్‌నే చూశాడు.

"దాస్ భాయ్. జెర చూడు."

ప్రభుదాస్ చెయ్యి తనంతట తానే లేచింది. ఇరవై ఏడేళ్ల చెయ్యి అది, దానికి సమ్మె తెలియదు. లేచిన చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ మనిషికి ఏమన్నా అయితే ఎలా? చూస్తూ ఊరుకోలేడు, లేచి బాగుచెయ్యలేడు.

"వేలు తియ్యి భాయ్," అన్నాడు. "మూతి కిందికి దించు. మెల్లగ నేల మీద పెట్టి ఎనక్కి జరుగు. నీ పానం కోసం గంతవరకే చెప్తున్న."

హవల్దారు అలాగే చేశాడు. అధికారి వచ్చి, లేచి దాన్ని సరిచేయమని ప్రభుదాస్‌కు హుకుం ఇచ్చాడు.

"దాంట్ల లోపం లేదని మీరే రాసిన్రు కద సార్."

అధికారి జెరెమియా వైపు తిరిగాడు. జెరెమియా చేతులు కట్టుకున్నాడు. దేవకృప చేతులు కట్టుకుంది. అధికారి వరస పొడుగునా నడిచి ఒక్కొక్కరినీ అడిగాడు. ఆ రైఫిల్ సంగతి తెలిసిన చేతులన్నీ అక్కడే ఉన్నాయి, ఒక్కటీ విప్పుకోలేదు.

నాయకులు వీళ్లేనని పోలీసులు ప్రభుదాస్‌నూ దేవకృపనూ ఈడ్చుకుపోయి వ్యాను ఎక్కించారు. ప్రభుదాస్‌కు కన్నీళ్లు ఆగలేదు. ఇంట్లో భార్య రోసమ్మకు ఏం చెప్పాలో తెలియదు, రేపేమిటో తెలియదు, ఈ పని తిరిగి వస్తుందన్న ఆశ అసలు లేదు. వ్యాను కదిలాక జాలీలోంచి వెనక్కి చూశాడు. రైఫిల్ నేల మీద పెట్టినచోటే ఉంది. ఎత్తడానికి ఎవరూ దగ్గరికి పోవడం లేదు. దాని ముందు ముప్పై ఎనిమిది మంది ఇంకా కూర్చునే ఉన్నారు.